ఒరిస్సా నీళ్లలో బావ ఫోను

సెల్‌ఫోన్లు చేపల బోట్లలోకి కొత్తగా వస్తున్న రోజులవి. నేను మల్కాపురంలో అద్దెకుంటూ పోర్టులో గుమాస్తాగా చేసేవాణ్ణి. మా అక్క భర్త సముద్రం మీద బోటు నడిపేవాడు. ఓసారి వాయుగుండం పట్టిందని చెబితే వేటకెళ్లిన బోట్లన్నీ వెనక్కొచ్చేశాయి. బావ బోటు రాలేదు.

సెలవు పెట్టి అక్క వాళ్ల పేటకి వెళ్లాను. బావ నంబరుకి ఎన్నిసార్లు చేసినా పరిధిలో లేరని ఒకటే ఆడగొంతు. అక్క గడపలో కూర్చుంది. నేను ఫోను చెవి దగ్గర నుంచి తీసినప్పుడల్లా నా మొహంకేసి చూసేది. బావతో వెళ్లినవాళ్ల ఇళ్ల నుంచి కూడా ఆడవాళ్లు వచ్చి వాకిట్లో నిలబడ్డారు. ఎవరూ ఏడవడం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

మధ్యాహ్నం దాటాక తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది. గాలి హోరు, దాని వెనక బావ గొంతు.

“నానే బామ్మర్దీ. ఇంజిను పాడైపోనాది. గాలికి ఒరిస్సా నీళ్లలోకి కొట్టుకొచ్చీసినాం. అందరం బాగానే ఉన్నాం, మీ అక్కకి సెప్పు.”

“బాగానే ఉన్నారంట” అన్నాను పైకి. అక్క నా మోచెయ్యి పట్టుకుని వదల్లేదు.

ఆ ఫోను పక్కగా వచ్చిన ఒరిస్సా బోటువాళ్లది. వాళ్లది చిన్న బోటు, బావ బోటుని లాగే శక్తి దానికి లేదు. ఒడ్డుకెళ్లి పెద్ద బోటుని పంపిస్తామన్నారట. కానీ అది వచ్చేలోపు బావ వాళ్లు ఇంకెంత దూరం కొట్టుకుపోతారో! ఎక్కడున్నారో చెప్పడానికి బావ దగ్గర పనిచేసే ఫోను ఉండాలి.

“నా ఫోన్లో సిగ్నలు గీతలు ఒక్కటీ నేవు. ఈళ్ల ఫోన్లో నిండా ఉన్నాయి. ఏటి సెయ్యాల? బేగి సెప్పు, కెరటాలకి బోట్లు గుద్దుకుంతన్నాయి!”

సంగతి అర్థమైంది. మా వైపు నెట్‌వర్కుని తప్ప ఇంకోదాన్ని పట్టుకోకుండా ఎవరో ఆ ఫోన్లో పెట్టేశారు. అది అక్కడ లేదు. దొరికినదాన్ని పట్టుకునేలా మార్చాలి. కానీ మెనూ అంతా ఇంగ్లీషు, బావకి అక్షరం ముక్క రాదు. పైగా నాది వేరే రకం ఫోను.

“బావ ఫోనులాంటిది ఎవరికైనా ఉందా?” అని అరిచాను. పక్కింటావిడ పరుగెత్తుకెళ్లి తమ ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది. అది చూస్తూ చెప్పడం మొదలుపెట్టాను.

“మెనూ నొక్కు బావా. పానా బొమ్మ వచ్చేదాకా కిందకి పో.”

“వచ్చింది.”

“నొక్కు. ఇప్పుడు అన్నీ అచ్చరాలే వస్తాయి. రెండు గుంజలు, మధ్యన వాల్చిన గెడ. అలాటి అచ్చరంతో మొదలైంది వెతుకు.” ‘నెట్‌వర్క్’లో ఎన్ అది.

అవతల ఎవరో కేకలు వేస్తున్నారు.

“దొరికింది! నొక్కీసినాను. రెండొచ్చినాయి.”

“ఇంటికప్పులాగ, మధ్యన దూలం ఉన్న అచ్చరం సూడు. అదే...”

‘ఆటోమేటిక్’లో ఏ గురించి చెబుతుండగానే లైను తెగిపోయింది.

నొక్కాడో లేదో తెలియదు. తడబడి ఇంకేదైనా నొక్కాడేమో! ఆ కొత్త నంబరుకి చేస్తే కలవలేదు. బావ నంబరుకి చేస్తే మళ్లీ అదే ఆడగొంతు. “ఏటైంది? ఏటన్నారు?” అంటూ ఆడవాళ్లంతా నన్ను చుట్టుముట్టారు. బావ చేస్తే లైను ఖాళీగా ఉండాలని, చెయ్యడం కూడా మానేసి ఫోనుకేసి చూస్తూ కూర్చున్నాను. కొబ్బరాకుల మీద చినుకులు మొదలయ్యాయి.

మోగినప్పుడు దాని మీద బావ నంబరే ఉంది.

“గీతలొచ్చినాయి బామ్మర్దీ” అన్నాడు, అంతే. ఫోను అక్కకిచ్చేశాను. ఆవిడ దాన్ని రెండు చేతులా చెవికి అదుముకుని వింటూ ఉండిపోయింది.

బావ ఫోన్లో చెప్పిన ఆనవాళ్లని బట్టి, చీకటి పడకముందే పెద్ద బోటు వాళ్లని కనిపెట్టి ఒడ్డుకి లాక్కొచ్చింది. మర్నాడు బస్సులో తగరపువలస మీదుగా అందరూ ఇంటికొచ్చారు. ఎండకీ ఉప్పుకీ పెదాలు పగిలి బావ గంజి కూడా సరిగ్గా తాగలేకపోయాడు. అక్క చల్లార్చి కొంచెం కొంచెంగా పోస్తూ కూర్చుంది.

నేను మల్కాపురం వెళ్లిపోయాను. ఆ తర్వాత చాలాకాలం, తెలియని నంబరు నుంచి ఫోనొస్తే చాలు, ఎత్తి, ముందు అటు గాలి హోరు ఉందేమోనని వినేవాణ్ణి.