రంగు పూర్తయ్యేదాకా

ఈ ఉదయం స్టోర్ రూమ్ తలుపు తీయగానే పచ్చరంగు వాసన గుప్పుమంది. ఎవరో డబ్బా మూత సరిగ్గా బిగించలేదు. తిట్టబోయి ఆగిపోయాను. అసలే మనసు ఒకచోట నిలవడం లేదు. మందుల దిగుమతి మీద అమెరికా సుంకం వేస్తుందట, కాదట, మళ్లీ వేస్తుందట! రోజుకో మాట వింటూ కొనేవాళ్లు ఆర్డర్లు ఆపేశారు. ప్యాకింగులో ఎవరెవరిని మాన్పించాలో సాయంత్రానికల్లా చెప్పమని మా యజమాని ఫోన్ చేశారు. ఇలాంటి రోజున ఆ వాసన తగిలితే అన్వర్ సాబ్ గుర్తుకు రాకుండా ఎలా ఉంటారు?

బొంతపల్లి దగ్గరి ఈ మందుల ఫ్యాక్టరీలో నేను కెమిస్టుగా చేరినప్పుడు ఆయన ప్లాంట్ మేనేజర్. ఒక్క నిమిషం కుర్చీలో కుదురుగా కూర్చునే మనిషి కాదు. అమెరికాకి ఎంత పంపినా చాలని రోజులవి. మాలో సగం మంది ఓవర్‌టైమ్ ధీమాతో కిష్టారెడ్డిపేటలో ప్లాట్లు బేరమాడుతుంటే, ఆయన మాత్రం క్యాంటీన్ టీవీలో అమెరికా ఎన్నికలు చూస్తూ గోళ్లు కొరుక్కునేవారు.

"మనకెందుకు సార్ వాళ్ల ఓట్లు?" అని నవ్వాను.

"మీ ఊర్ల సర్పంచ్ ఎవరైతడో నువ్వు సూడవా బేటా? మన బాయిలర్ మండుడు గాళ్ల చేతులనే ఉన్నది. గీ జోరు ఎన్నాళ్లుంటదో అని నాకు పరేషాన్."

ఆయన భయపడ్డట్టే అయింది. అక్కడ బ్యాంకులు కూలాయి, ఇక్కడ మందు తయారయ్యే మా రియాక్టర్లు ఆగాయి. ప్యాకింగ్ ఆడవాళ్లను పంపించేయమన్నారు పెద్దసారు, అంటే అప్పటి యజమాని. అన్వర్ సాబ్ విసురుగా ఆయన గదిలోకి వెళ్లారు. మాటలు వరండాలోకి వినిపించాయి.

"రేపు అమెరికోళ్లు తనిఖీకొస్తే తుప్పు సూపెడ్తమా సార్? పైపులకు రంగులేపిస్త. గీళ్లనే పెట్టుకుంట."

"సరే, రంగు పూర్తయ్యేదాకానే" అన్నారు పెద్దసారు.

మా ప్లాంటులో నీళ్ల పైపుకి పచ్చ, గాలి పైపుకి నీలం, ఇలా దేనికి దానికో రంగు. ప్యాకింగ్ బాలమణి కొంగు బిగించి నిచ్చెనెక్కింది. కొన్నాళ్లకి ప్లాంటంతా మెరిసిపోయింది. ఇక రేపటి నుంచి వీళ్లు రారని దిగులుపడ్డాను. మర్నాడు చూస్తే బాలమణి మళ్లీ మొదటి పైపు దగ్గరే ఉంది.

"దీనికి వేశాం కదా సార్?" అని అన్వర్ సాబ్‌ని అడిగాను.

"ఏసినం. ఇంకో కోటు."

"ఇంకా ఆరనేలేదు!"

"ఆరెదాక కూసోమను. జల్దీ ఏమున్నది?"

జల్దీ జల్దీ అని మా ప్రాణాలు తోడేసిన మనిషేనా ఈయన! పెద్దసారుకి మాత్రం తెలియదా? ఒకరోజు వచ్చి పైపును తాకి, పచ్చబడిన వేలిని చూసుకుని, రుమాలుకు తుడుచుకుంటూ వెళ్లిపోయారు. ఆర్డర్లు తిరిగి వచ్చేవరకూ ఆ రంగు పూర్తి కాలేదు.

అన్వర్ సాబ్ ఇప్పుడు లేరు. ఆ కుర్చీలో నేనున్నాను, నేనూ కుదురుగా కూర్చోలేను. ఇప్పటి యజమాని పెద్దసారు కొడుకే గానీ తండ్రిలాంటివాడు కాదు, అదే నా భయం. నా ఉద్యోగానికీ ముప్పు రావచ్చు. అయినా ఫోన్ చేశాను.

"పేర్లు రాయలేదు సార్. పైపులు తుప్పు పట్టాయి. ముందు ప్యాకింగ్ వాళ్లతో రంగు వేయించాలి."

గుమ్మంలో బాలమణి, జుట్టు నెరిసింది, రంగు డబ్బా పట్టుకుని నా ముఖంలోకే చూస్తోంది.

"ఎన్ని రోజులు?" అన్నాడతను.

"పూర్తయ్యేదాకా సార్" అన్నాను.