మా ఇల్లు, కారం మిల్లు, పరుపుల మావయ్య

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదు. ఇప్పుడు ముప్ఫై అయిదు దాటాక ఒక్కొక్కటే తెలియకుండా పోతున్నాయి గానీ, ఇరవై మూడేళ్ళకి ఎంబీఏ మార్కెటింగ్ పట్టా పుచ్చుకుని (ఉద్యోగం మాత్రం ఇంకా పుచ్చుకోకుండా) ప్రత్తిపాడులో మా ఇంటి అరుగు మీద కూర్చున్న నాకు, లోకంలో అమ్ముడుపోని వస్తువు ఉండదనీ, అమ్మడం చేతగాని మనుషులే ఉంటారనీ గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని మా ఇల్లే ఆరు నెలల్లో నేల మట్టం చేసింది.

అమ్మ అప్పటికి ఇరవై ఏళ్ళుగా వసారాలో మిషను వేసుకుని జాకెట్లు కుడుతోంది. సెంటర్లో బస్టాండుకి ఎదురుగా, కింద షట్టరు గది, పైన రెండు గదులు ఉన్న చిన్న బిల్డింగు అమ్మకానికి వచ్చింది. దాని యజమాని రిటైరైన హెడ్మాస్టారు. "ఉగాది దాకా ఎవరికీ ఇవ్వనమ్మా. ఆ తర్వాత నన్నేమీ అనుకోవద్దు" అన్నారు. మా ఇల్లు అమ్మితేనే ఆ షాపు. అమ్మ అప్పుడే టేపు పట్టుకెళ్ళి ఆ గదికి కొలతలు తీసుకుని, కటింగ్ బల్ల ఎక్కడ వేయాలో సుద్దముక్కతో నేల మీద గీత కూడా గీసి వచ్చింది. నాన్న లారీ మీద నాగపూరు వైపు వెళితే పది రోజులకు గానీ రాడు. "వాడు చదువుకున్నాడుగా, వాడే చూసుకుంటాడు" అని ఫోన్లో భారం నా మీద పెట్టేశాడు.

నేను ధర కట్టాను. స్థలం, కట్టుబడి, టేకు గుమ్మాలు, అన్నీ వేసి నలభై రెండు లక్షలు తేల్చాను. (అందులో నా ఎంబీఏ ఫీజు కూడా కలిపానని అమ్మకి ఈ రోజుకీ తెలియదు.) ఇంటర్నెట్లో ప్రకటన పెట్టాను, 'ప్రశాంత వాతావరణం, ఆహ్లాదకరమైన గాలి' అని. మనుషులు వచ్చారు. ఇల్లు చూశారు, కాఫీ తాగారు, బాగుందన్నారు, సరిగ్గా ధర మాట దగ్గరికి వచ్చేసరికి మొహాలు మొహాలు చూసుకుని "ఇంట్లో మాట్లాడుకుని చెప్తామండి" అని లేచారు. ఎవరూ మళ్ళీ చెప్పలేదు. నలభై చేశాను. ముప్ఫై ఎనిమిది చేశాను. వాస్తు అనుమానం వచ్చి తులసికోటని జరిపించాను. రంగుల్లో మనస్తత్వశాస్త్రం ఉంటుందని ఎక్కడో చదివి, ముందు గోడకి లేత వంకాయ రంగు వేయించాను. అమ్మ వచ్చి చూసి, "పాపం, బాగానే ఉండేది గోడ" అని లోపలికి వెళ్ళిపోయింది. ముప్ఫై నాలుగుకి దిగేసరికి వచ్చేవాళ్ళు ఇల్లు చూడటం మానేసి నన్ను చూడటం మొదలుపెట్టారు.

సంక్రాంతి పోయింది. షాపులోకి వెళ్ళే ముందు పాత పరుపులు ఏకించాలని అమ్మ పరుపుల మావయ్యని పిలిపించింది. మా చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన చేతి పరుపు మీద పడుకోని మనిషి లేడు. ఊరంతా మిషన్లకి మారినా, పెరట్లో కూర్చుని విల్లు పట్టి దూది ఏకాలంటే ఇంకా ఆయనే. అమ్మని 'చెల్లెమ్మా' అనేవాడు కాబట్టి నాకు మావయ్య. ఆయన ముక్కుకి తువ్వాలు కట్టుకుని టంగ్ టంగ్‌మని దూది ఏకుతుండగా, చిలకలూరిపేట నుంచి భార్యాభర్తలు ఇల్లు చూడటానికి వచ్చారు. అన్నీ నచ్చాయి. ఆయన అడ్వాన్సు ఇవ్వడానికి జేబులో చెయ్యి కూడా పెట్టాడు. అప్పుడే ఆవిడ ఒక తుమ్ము తుమ్మింది. ఒక్కటే. జేబులోంచి చెయ్యి వచ్చింది గానీ, డబ్బుకి బదులు చేతిరుమాలు వచ్చింది. "ఇంట్లో మాట్లాడుకుని..." అంటూ వెళ్ళిపోయారు.

మావయ్య విల్లు పక్కన పెట్టి పడీ పడీ నవ్వాడు. "ఒరేయ్ ఎంబీఏ! ఎన్నాళ్ళుగా జరగతా ఉందిరా ఈ నాటకం?"

"వాస్తు ఏమన్నా తేడా ఉందేమో మావయ్యా..."

"వాస్తు లేదు, నీ బొంద లేదు. తుమ్మురా! పదకొండింటికి ఆ మిల్లు మొదలైతే ఈ పెరట్లో ఏనుగన్నా తుమ్ముద్ది. మీ ముక్కులు ఎప్పుడో చచ్చిపోయినయ్యి, మీకేం తెలుసుద్ది?"

మా పెరటి గోడకి అవతల కారం మిల్లు. పన్నెండేళ్ళుగా ఆ ఘాటులోనే తిని, ఆ ఘాటులోనే పడుకుని, అది ఉందన్న సంగతే మాకు మరుపు. వచ్చిన ప్రతివాళ్ళకీ, శుభమా అని ధర మాట్లాడబోతే ఒంటి తుమ్ము! ఏ మర్యాదస్తుడైనా ఇంటివాళ్ళ మొహం మీద 'తుమ్మాం, అందుకే వద్దు' అంటాడా? 'ఆహ్లాదకరమైన గాలి' అని రాసిన నా చేతిని నేనే దాచుకున్నాను.

మర్నాడు మావయ్య నన్ను సైకిలు వెనక ఎక్కించుకుని, ఈమధ్య చేతులు మారిన మూడిళ్ళకి తిప్పాడు. మూడిళ్ళలోనూ పరుపులు ఆయనవే. "ఏమ్మా, చివరికి ఎంతకి తెగింది?" అని గుమ్మంలోంచే అడిగేస్తే, సొంత తమ్ముడికి చెప్పని లెక్క ఆయనకి చెప్పారు. దారిలో అన్నాడు: "అడిగిన ధర నీకెందుకురా? ప్రతోడూ అడుగుతాడు. అమ్మిన ధర కావాలి మనకి. పాత పరుపు విప్పితే నేను దుమ్ము దులిపినాకే దూది తూస్తా. మీ ఇంటి దుమ్ము ఆ మిల్లు. అది తీసేసి చెప్పు. ముప్ఫై ఆరు."

"ముప్ఫై నాలుగుకే ఎవరూ కొనట్లేదు. నువ్వు పెంచమంటావేంది?"

"వారం వారం తగ్గిస్తా ఉంటే ఇంటికేదో రోగం ఉందనుకోరా జనం? రోగం మనమే ముందు చెబుదాం. ధర మాత్రం కదలగూడదు."

నాలుగు పుస్తకాల్లో నాకు దొరకనిది సైకిలు క్యారేజీ మీద దొరికింది. ఆయన మీద గౌరవం అక్కడే మొదలైంది, ఇంకా తగ్గలేదు.

ఈలోగా నాకు హైదరాబాదులో ఉద్యోగం, నెల రోజుల ట్రైనింగు వచ్చాయి. ఉగాది వారం రోజులుందనగా మావయ్య ఫోను. పర్చూరులో పచ్చళ్ళు పెట్టి అమ్మే ఒకావిడ ఇల్లు కొంటుందట. కారం పట్టించడానికి వారానికి రెండుసార్లు మిరపకాయలు మోసుకెళ్ళే మనిషికి మిల్లు గోడ పక్కనే ఉంటే అంతకంటే ఏం కావాలి? "అయితే నలభై చెప్పు మావయ్యా!" అన్నాను. "చెప్పిన మాట చెప్పినట్టుండాల. బస్సెక్కి రా" అని పెట్టేశాడు.

వచ్చాను. పచ్చళ్ళావిడ, ఆమె అత్తగారు చాప మీద కూర్చున్నారు. మిల్లు ఆడుతోంది. వాళ్ళిద్దరూ తుమ్మలేదు, వాళ్ళ ముక్కులూ మా జాతివే. అత్తగారు సంచిలోంచి నోట్ల కట్ట తీసి, కళ్ళకద్దుకుని అమ్మ చేతిలో పెట్టబోయారు. అప్పుడు తుమ్ము వినిపించింది. నాదే. నెల రోజుల హైదరాబాదు గాలికి చచ్చిన ముక్కు బతికింది.

అత్తగారి చెయ్యి గాల్లో ఆగిపోయింది. అమ్మ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ కల్లోకి వస్తుంది. సుద్దగీత, కటింగ్ బల్ల, అన్నీ ఆ చూపులో ఉన్నాయి.

"అల్‌హందులిల్లా!" అన్నాడు మావయ్య హాయిగా. "తుమ్ము మా వాళ్ళకి మంచిదమ్మా. దేవుడికి దండం పెట్టుకుంటాం."

"మీకు మంచిదేమో బాబాయ్," అత్తగారు నసిగారు, "మాకు ఒంటి తుమ్మంటే..."

"అయితే మీ లెక్కకి రెండు కావాలా? అంతేగా!" అంటూ, చెవి వెనక చిక్కుకున్న దూదిపింజ తీసి, రెండు వేళ్ళతో వత్తిలా నలిపి, నేను వద్దనేలోగా నా ముక్కులో దూర్చి తిప్పాడు. ఆ తుమ్ముకి పెరట్లో కాకులు లేచిపోయాయి. అత్తగారు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, కట్ట అమ్మ చేతిలో పెట్టేశారు.

ఇప్పుడు నేను గుంటూరులో ఇళ్ళు అమ్మించే పనిలోనే ఉన్నాను. అమ్మిన ధర కనుక్కుని, దుమ్ము ముందు చెబుతాను. అమ్మ షాపు బస్టాండుకి ఎదురుగా అలాగే ఉంది, మిషను ముందు స్టూలు మీద మావయ్య కుట్టిచ్చిన దిండుతో సహా. మావయ్య పోయి మూడేళ్ళు. అంత తెలివైన మనిషిని, అంత తేలిగ్గా తెలివి పంచిపెట్టిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఆమధ్య పని ఉండి మా పాత వీధిలోకి వెళ్ళాను. మిల్లు ఆడుతోంది. గోడ ఇంకా వంకాయ రంగులోనే ఉంది (ఆవిడకి నచ్చిందట!). గేటు ముందు బండి ఆపానో లేదో తుమ్ము వచ్చింది. ఒక్కటే. ఇరవై మూడేళ్ళప్పుడు ఆ రెండో తుమ్ముని వద్దనబోయినవాణ్ణి, ఇప్పుడు నడివీధిలో మొహం ఆకాశానికెత్తి, రెండోది వస్తుందేమోనని చాలాసేపు నిలబడ్డాను.