అడక్కుండా వాల్చిన సీటు

విజయవాడ బస్సుల్లో తిరిగేవాళ్లకి ఒక మర్యాద ఉంది. సీటు వెనక్కి వాల్చేముందు తల తిప్పి వెనకవాళ్లని ఒక మాట అడగాలి. "కాస్త వాల్చుకోనాండీ?" అని మావైపు వాళ్లంటారు. "జర ఎన్కకు ఒరుగుతున్న, కాళ్లు చూస్కోండ్రి" అని ఇక్కడ హైదరాబాద్‌లో వాళ్లంటారు. వెనకాయన పులిహోర పొట్లం విప్పి ఉంటే తినేదాకా ఆగాలి. వెనకావిడ ఒళ్లో చంటిపిల్ల ఉంటే అసలు వాల్చనే కూడదు. ఇవి ఏ టికెట్టు మీదా రాసుండవు గానీ ఎల్బీనగర్ చౌరస్తాలో బస్సెక్కే ప్రతివాళ్లకీ తెలుసు. తెలిసి కూడా అడక్కుండా వాల్చారంటే దానికో అర్థం ఉన్నట్టే. ఆ రోజుల్లో నాకు ప్రతిదానికీ ఏదో ఒక అర్థం కనబడేది.

తెలంగాణ ఉద్యమం రోజులవి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఇంటి మేడమీద వాటాలో అద్దెకుండేవాళ్లం. మాది తెనాలి వైపు. మా ఆయన మందుల కంపెనీలో పనిచేసేవారు, నేను సందు చివరి స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. మా అమ్మాయి అదే స్కూల్లో పదో తరగతి. కింద వాటాలో ఇంటివాళ్లు, నల్గొండ వైపు మనుషులు. ఆవిడని నేను అక్కా అనేదాన్ని, ఆవిడ నన్ను చెల్లె అనేది. మా పిల్ల నడక నేర్చింది వాళ్ల వాకిట్లోనే. అక్క బతుకమ్మ పేరుస్తుంటే తంగేడు పూలు అందించింది మా పిల్లే.

ఆ ఏడాది నాకున్న భయం ఒకటే. అక్క ఎప్పుడు ఇల్లు ఖాళీ చెయ్యమంటుందో అని. స్టాఫ్ రూంలో రోజూ అదే కబురు. ఫలానా వీధిలో ఖాళీ చెయ్యమన్నారట, ఫలానావాళ్లకి ఇల్లిస్తామని, మాట యాస విన్నాక వద్దన్నారట. పబ్లిక్ పరీక్షల ముందు పిల్లని వేసుకుని ఇంకో ఇంటికోసం తిరగడమంటే నాకు గుండెల్లో రాయి పడేది. వీధి వీధీ తిరిగి "మీదే ఊరు?" అని అడిగించుకోవాలి కదా.

"అనుమానం పెనుభూతం అన్నారు. ఆవిడ ఏమన్నా అందా నిన్ను?" అనేవారు మా ఆయన.

అనలేదు. అదే నా అనుమానం! నేను మెట్లు దిగుతుంటే కింద మాటలు టక్కున ఆగిపోయేవి. అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఉండే అక్క మరిది ఎన్నడూ లేంది వారం వారం రావడం మొదలుపెట్టాడు. బండి నంబరు ప్లేటు మీద ఏపీ చెరిపేసి టీజీ అని రాయించుకున్న మనిషి. మమ్మల్ని చూస్తే పలకరింపు లేదు, గోడని చూసినట్టు చూసేవాడు. అన్నిటికీ మించి గిన్నె సంగతి. నేను గోంగూర పప్పు పంపిన గిన్నె ఖాళీగా తిరిగొచ్చింది. ఇన్నేళ్లలో మా రెండిళ్ల మధ్య గిన్నె ఎప్పుడూ ఖాళీగా తిరగలేదు. ఏమీ లేకపోతే ఇంత పంచదారో, నాలుగు పచ్చిమిరపకాయలో వేసి పంపేది అక్క. ఈసారి కడిగి, తుడిచి, బోర్లించి మరీ పంపింది. నేను ఆ గిన్నె పట్టుకుని వంటింట్లో ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదు.

ఇంత జరుగుతుంటే తిరుపతి ప్రయాణం వచ్చిపడింది. దర్శనం టికెట్లు అంతకుముందెప్పుడో రెండిళ్లవాళ్లం కలిసి తీసుకున్నాం. అక్కకి తలనీలాల మొక్కుంది. వాళ్లాయనకి గుండె ఆపరేషన్ అయినప్పటి మొక్కని నేననుకున్నాను. తీరా వెళ్లే వేళకి సమ్మె వచ్చి ఆర్టీసీ బస్సులు ఆగిపోయాయి. రైళ్ల సంగతి ఆ దేవుడికే ఎరుక. దర్శనం తప్పిపోకూడదని విమానానికి వెళ్దామన్నారు మగవాళ్లు. అక్కకీ నాకూ విమానం ఎక్కడం అదే మొదలు.

శంషాబాద్ దాకా అక్క మరిదే తన బండిలో దింపాడు. దారి పొడుగునా వాళ్లన్నతో తప్ప మాతో పలుకు లేదు. అద్దంలోంచి మాత్రం రెండుసార్లు నన్ను చూశాడు. దిగాక అక్కని పక్కకి పిలిచి ఏదో చెప్పాడు. అక్క తల వంచుకుని వింది. "చూశారా?" అన్నాను మా ఆయనతో. "చూశాను, ట్రాలీ కనబడటం లేదు" అన్నారాయన. ఆ మనిషితో వేగడం నా వల్ల కాదు.

చిన్న విమానం. అటు రెండు, ఇటు రెండు సీట్లు. అక్కా, వాళ్లాయనా ముందు కూర్చున్నారు. సరిగ్గా వాళ్ల వెనకే నేనూ, మా అమ్మాయీ. మా ఆయన అటుపక్క. విమానం పైకి లేచినప్పుడు నేను గోవిందా గోవిందా అనుకుంటూ కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి అక్క సీటు నా మోకాళ్ల మీదుంది.

అడగలేదు. తల తిప్పలేదు. ఒక్కసారిగా మొత్తం వాల్చేసింది. మోకాళ్ల దాకా ఉండే జడ, కనకాంబరాలతో సహా, సీటు మీంచి జారి నా ఒళ్లో పడింది. ఆ జడకి ఎన్నిసార్లు నూనె రాశానో నేను! వాళ్లాయన ఒకసారి వెనక్కి చూసి, నేను చూసేసరికి చప్పున ముఖం తిప్పుకున్నాడు. అంటే ఆయనకి తెలుసు. ఇద్దరూ అనుకునే చేస్తున్నారు. నోటితో పొమ్మనలేక సీటుతో చెప్తున్నారు. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే కదా అనుకున్నాను.

విమానంలో పనిచేసే అమ్మాయి టీలు తెచ్చింది. నా బల్ల తెరుచుకోలేదు. "మేడమ్, సీటు కొంచెం ముందుకు" అందా అమ్మాయి. అక్క లేపింది. ఆ అమ్మాయి అటు వెళ్లగానే మళ్లీ వాల్చింది. నాకిక ఒళ్లు మండిపోయింది.

"కొంతమందికి వెనక మనుషులుంటారని గుర్తుండదమ్మా" అన్నాను మా అమ్మాయితో, ముందుసీటుకి వినబడేలా.

అక్క మెడ బిగుసుకోవడం కనబడింది. వినబడిందన్నమాట. అయినా లేవలేదు. సీట్ల సందులోంచి ఆవిడ పెదాలు కదులుతూ కనబడ్డాయి. దేవుడి పేర్లు చదువుకుంటోందనుకున్నాను. చదువుకో తల్లీ, నన్ను రోడ్డు మీద పడేసి ఎంత చదువుకున్నా ఆ దేవుడు వింటాడా అని లోపల్లోపల తిట్టుకున్నాను.

కొండ మీద కూడా ఆవిడ తీరు అదే. క్యూలో నాకు ముందుండకుండా, వెనకుండకుండా తప్పుకు తిరిగింది. ఫోన్ మోగితే నన్ను చూసి కట్ చేసింది. కల్యాణకట్ట దగ్గర మాత్రం చెప్పులు, సంచీ నా చేతికిచ్చి లోపలికెళ్లింది. తిరిగొచ్చేసరికి నేను గుర్తుపట్టలేదు. అంత పొడుగు జుట్టున్న మనిషి నున్నటి గుండుతో, పచ్చటి గంధంతో, చెవులు పెద్దవైపోయినట్టు నిలబడి ఉంది. ముఖం చిన్నపిల్లదానిలా అయిపోయింది. నాకు ఏడుపొచ్చింది, నిజం చెప్తున్నాను. కానీ పైకి "గంధం ఆరేదాకా కొంగు వేసుకోకండక్కా" అని మాత్రం అన్నాను. ఆవిడ ఊఁ అంది.

మర్నాడు మధ్యాహ్నం తిరుగు విమానం. మళ్లీ అవే సీట్లు. ఈసారి నేను సిద్ధంగానే ఉన్నాను. వాల్చిందంటే ఊరుకునేది లేదు, మర్యాదలేమిటో అడిగి కడిగేస్తానని మా ఆయనతో చెప్పి మరీ ఎక్కాను. ఆయన పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని కునుకు తీశారు. మా అమ్మాయి చెవుల్లో పాటలు పెట్టుకుని కిటికీకి తలానించి నిద్రపోయింది. ముందు సీట్లో అక్కవాళ్లాయన కూడా గురక పెడుతున్నాడు.

విమానం పైకెళ్లి కుదురుకోగానే సీటు వాలింది.

అడగలేదు. ఈసారి జడ లేదు. గంధం పూసిన గుండు తిన్నగా నా ముఖం కిందికొచ్చింది. ఎండిన గంధం పొరలు పొరలుగా లేస్తోంది. చెవి వెనక కత్తి గాటు పడి చిన్న నెత్తురు చుక్క గడ్డకట్టి ఉంది. నేను నోరు తెరిచి "అక్కా, ఇదేం..." అన్నానో లేదో, ఆవిడే అంది.

"చెల్లె. గట్లనే ఉండు. లేవకు. నా మొకం చూడకు."

పైనున్న చిన్న లైటుని చూస్తూ మాట్లాడుతోంది.

"నీ మొకం చూస్కుంట చెప్పలేక గిట్ల ఒరిగిన. పొయ్యేటప్పుడు గూడ గందుకే ఒరిగిన. ఎంత గుంజుకున్నా నోట్లకెల్లి మాట రాలే. నువ్వు పిల్లతోని అన్నది ఇన్న. అననియ్యి అనుకున్న."

లేవబోయినదాన్ని మళ్లీ వెనక్కి ఆనుకున్నాను.

"పై వాటా మా మరిది పాలుకు ఒచ్చింది. కొడుక్కు పెండ్లి జేసి ఆడ పెడ్తనంటుండు. ఆంధ్రోళ్లను ఇంకా ఎన్ని దినాలు పెట్టుకుంటవ్ వదినా అని ఒక్కతీరుగ పరేషాన్ జేస్తుండు. కాదంటే మొత్తం ఇల్లే అమ్మి పంచుమంటుండు. మీ అన్నకేమో గుండె మంచిగ లేదు, గీ లొల్లి తట్టుకోడు."

"ఆ గిన్నె..." అన్నాను. అన్ని ప్రశ్నలుండగా నా నోట అదే వచ్చింది.

"గా దినం వాడు వంటింట్లనే కూసున్నడు చెల్లె. నేను గిన్నెల ఏం ఏస్తనో చూస్కుంట కూసున్నడు."

చూశారా, నేను అనుకున్నదంతా నిజమే! ఒక్కటంటే ఒక్కటి తప్పు కాలేదు. మా ఆయన్ని లేపి "విన్నారా, పెనుభూతం మాట్లాడుతోంది" అని అరవాలనిపించింది. కానీ లేపలేదు. అనుకున్నది నిజమైతే ఇంత కడుపుమంటగా ఉంటుందని నాకు తెలీదు.

"మరి ఈ మొక్కు? అన్నయ్య ఆపరేషన్‌ది కాదా?"

"గాదు. అన్నదమ్ములు ఇడిపోవద్దని మొక్కిన. గా మొక్కుల మీరు లేరు, చెల్లె. మీరుంటే వాళ్లు ఇడిపోతరు. రెండూ అడుగుదమనుకున్న. దేవుని ముంగట నిలబడ్డంక ఒక్కటే అడిగిన."

ఏమనాలి దీనికి? నా పిల్ల నడక నేర్చిన వాకిలి అక్కా అది, అందాం అనుకున్నాను. జుట్టంతా ఇచ్చి అడిగిన కోరికలో మాకు నలుసంత చోటు కూడా లేదా అందాం అనుకున్నాను. ఎదురుగా ఆ గుండు. ఆ నెత్తురు చుక్క తుడవాలనిపించింది, గట్టిగా గిచ్చాలని కూడా అనిపించింది. చివరికి కొంగు తడిచేసి తుడిచాను. ఆవిడ కళ్ల పక్క నుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి.

"పాప పరీక్షలు?" అన్నాను.

"అయ్యేదాంక మెట్లు ఎవ్వన్ని ఎక్కనియ్య. గంతవరకు నా మాట."

"ఒప్పుకున్నాడా?"

ఆవిడ కొంగుతో చెవులు తుడుచుకుంది. అంటే ఇంకా అడగలేదన్నమాట. ఆ మాట మీద నాకు నమ్మకం కుదరలేదు. ఆ ఇంట్లో ఆ మరిది ముందు అక్క గొంతెత్తడం నేనెప్పుడూ వినలేదు. అతను తాగి అవతల పడేసిన గ్లాసు కూడా మాట్లాడకుండా తీసే మనిషి. నా పిల్ల పదో తరగతి ఇప్పుడీవిడ నోటి మీద ఆధారపడి ఉంది. ఆ నోరు విమానం ఎక్కి, ఆకాశం చూస్తూ గానీ పెగలలేదు.

దిగే ముందు ఆ అమ్మాయి వచ్చి సీట్లు నిటారుగా పెట్టమంది. అక్క బటన్ నొక్కింది గానీ, వీపు ఆనించే ఉండటంతో సీటు లేవలేదు. నొక్కుతూనే ఉంది పాపం. "ముందుకి వంగండక్కా" అని నేనే రెండు చేతులా నెట్టాను. సీటుకి తల ఆనించేచోట గుడ్డ మీద పచ్చగా గంధం అంటుకుని ఉంది.

బయట మరిది బండితో వచ్చి ఉన్నాడు. అన్నయ్య ముందు కూర్చున్నాడు. అక్కా, నేనూ, అమ్మాయీ మధ్య వరసలో, మా ఆయన సంచులతో వెనక. నేను డ్రైవర్ సీటు వెనక పడ్డాను. సీటు మరిదికి ఇరుకైనట్టుంది. "దర్శనం మంచిగైందా వదినా?" అంటూనే సీటు కింద మీట లాగి ధబాలున వెనక్కి జరిపాడు. నా రెండు మోకాళ్లూ నలిగాయి. నేను పళ్ల బిగువున ఊరుకున్నాను. ఆ ఇంట్లో ఉన్నన్ని రోజులూ ఇలాగే ఊరుకోవాలి కదా అనుకున్నాను.

"ఎన్కల మనిషున్నది, కనబడ్తలేదా?"

బండిలో అందరం ఉలిక్కిపడ్డాం. అక్క. అంత గొంతు ఆ మనిషికి ఉందని నాకప్పుడే తెలిసింది. గుండు మీద కొంగు జారిపోయినా సర్దుకోలేదు.

మరిది అద్దంలోకి చూశాడు. అక్క అద్దంలోకే, అతని కళ్లలోకి తిన్నగా చూస్తూ అంది. "ముందుగాల అడగాలె. అడిగినంక జరుపుకోవాలె. గాళ్ల పిల్ల పరీక్షలు అయ్యేదాంక గంతే. ముందుకు జరుపు."

అన్నయ్య కిటికీ వైపు తిరిగాడు. మరిది స్టీరింగ్ మీంచి ఒక చెయ్యి తీశాడు. తర్వాత మీట లాగి సీటు ముందుకి జరుపుకున్నాడు. నేను కాళ్లు చాపుకున్నాను.