నటుడి గొంతూ, సినిమా హాలు హారన్లూ

విజయవాడలో సౌండు సంగతి తెలిసినవాళ్లు నలుగురు కలిస్తే ఒక కథ చెప్పుకుంటారు. గొంతు ఆపరేషనైన ఒక నాటకాల నటుడికి, గవర్నర్‌పేటలో ఎవరో ఒకావిడ పాత సినిమా హాలు హారన్లు బాగుచేసి, పోయిన గొంతు తిరిగి తెప్పించిందట. ఆ ఒకావిడ నేనే. నేనేమీ తెప్పించలేదు. ఫోన్లలో తిరిగిన వీడియో చూసి శాలువా పట్టుకుని షాపుకొచ్చినవాళ్లకీ ఇదే చెప్పాను. వాళ్లు వినలేదు. జనానికి అద్భుతం కావాలి. జరిగినదాన్ని ఎక్కడ కత్తిరిస్తే అద్భుతమవుతుందో కూడా వాళ్లకి బాగా తెలుసు. అందుకే కత్తిరించకుండా రాస్తున్నాను.

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవి అది. నా పని పాత హారన్ స్పీకర్లు కొని, ఇళ్లలో వినడానికి వీలుగా మార్చి అమ్మడం. హారన్ అంటే మరేం లేదు. కాలవ అవతలి గట్టున ఉన్న మనిషిని పిలవాలంటే నోటి దగ్గర దోసిలి పెట్టుకుంటాం చూడండి, అదే సూత్రం. డ్రైవర్ అనే బరువైన అయస్కాంతపు డబ్బాలో డయాఫ్రం అనే పల్చటి పొర కదులుతుంది. ఆ చిరు చప్పుడు సన్నటి గొట్టంలో మొదలై, విచ్చుకుంటూ పోయే రేకులోంచి బయటికొచ్చేసరికి హాలు నిండిపోతుంది. పూర్వం సినిమా తెర వెనకాల ఉండేవి ఇవే. ఇప్పుడు ఆ హాళ్లు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. నేను డిగ్రీలో ఎలక్ట్రానిక్స్ చదివినప్పుడు, "ఆడపిల్లకి సోల్డరింగ్ ఎందుకు" అన్న పెద్దమనుషులు ఉండేవారు. వాళ్ల ఆంప్లిఫయర్లు కూడా నా బల్ల మీదికే వచ్చాయి.

ఆ వేసవిలో కైకలూరు వైపు ఒక పాత హాలును కల్యాణ మండపంగా మారుస్తున్నారని తెలిసి వెళ్లాను. చిరిగిన తెర వెనక, గబ్బిలాల కంపులో, గోడకి ఆనించి రెండు పెద్ద హారన్లు ఉన్నాయి. కొనేముందు నేను పైరంగు చూడను. డ్రైవరు విప్పి టార్చి వేస్తాను. మన ప్రాంతపు ఉప్పుగాలికి అల్యూమినియం డయాఫ్రం తెల్లగా పిండిబారిపోతుంది. అక్కడ సరిగ్గా అదే జరిగింది. కానీ రేకు గట్టిది, అయస్కాంతాలు బతికే ఉన్నాయి. తెచ్చేశాను. ఇబ్రహీంపట్నం థర్మల్ పవర్ స్టేషన్‌లో పనిచేసే ఒక ఇంజనీరుగారు ఇలాంటి జత కోసం ఎప్పట్నుంచో అడుగుతున్నారు. ఆయనకి మాట కూడా ఇచ్చేశాను.

వాటిని షాపులో దించిన వారంలోనే, హాలువాళ్ల దగ్గర నా అడ్రసు కనుక్కుని, భవానీపురం నుంచి భార్యాభర్తలిద్దరు వచ్చారు. ఆయన పేరు కోటేశ్వరరావు. డెబ్భైకి దగ్గరపడిన మనిషి, ఇస్త్రీ మడత చెదరని లాల్చీ, మెడకి చిన్న గుడ్డ. ఒకప్పుడు కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పౌరాణిక నాటకాల్లో రాజు వేషాలకి పెట్టింది పేరు. ఈ సంగతి ఆయన భార్య అనసూయమ్మగారు చెప్పారు. ఆయన నోరు విప్పలేదు. ఫోన్లో ఏదో టైపు చేసి నా మొహం ముందు పెట్టారు.

'ఈ హారన్లు నావి.'

"మీవెలా అవుతాయండీ? కొన్నది నేనైతే!"

మళ్లీ టైపు చేశారు. ఆ హాల్లో ఏటా నాటకాలు ఆడేవారట. ఆయన పద్యాలన్నీ ఆ హారన్లలోంచే వెళ్లాయట. 'నా గొంతు వీటిలో ఉంది.'

"గొంతు మనిషిలో ఉంటుందండీ, రేకులో ఉండదు."

'నాలో లేదుగా.'

అప్పుడు చూశాను ఆ గుడ్డ కిందకి. గొంతు క్యాన్సరుకి స్వరపేటిక మొత్తం తీసేస్తే, ఊపిరి కోసం మెడ కింద ఒక రంధ్రం మిగులుతుంది. అందులో డాక్టర్లు చిన్న వాల్వు అమరుస్తారు. రంధ్రానికి బొటనవేలు అడ్డం పెడితే గాలి నోట్లోకి మళ్లి మాట వస్తుంది. మోటుగా వస్తుంది గానీ మాటే. మా మేనమామ చివరి నాలుగేళ్లూ అలాగే ఊరందరితో పోట్లాడాడు కనక నాకు తెలుసు. ఈయన మెడలోనూ ఆ వాల్వు కనిపించింది.

"వాల్వు పెట్టించుకుని ఈ టైపింగు ఏంటండీ? వేలు అడ్డం పెట్టి మాట్లాడండి. నాకు చదివే ఓపిక లేదు."

అనసూయమ్మగారు వెనక నుంచి వద్దు వద్దని చెయ్యి ఊపుతున్నారు. ఆయన కోపంగా ఏదో టైపు చేశారు. నేను మొహం తిప్పుకుని సోల్డరింగ్ ఐరన్ తుడుచుకుంటున్నాను. అప్పుడు వినపడింది, గులకరాళ్ల మీద రేకుడబ్బా ఈడ్చినట్టు:

"నోర్ముయ్!"

అనసూయమ్మగారు స్టూలు మీద కూలబడిపోయారు. "ఏడాదిన్నరైందమ్మా," అన్నారు. "ఆస్పత్రిలో నేర్పిన రోజు ఒక్కసారి మాట్లాడారు. కప్ప అరిచినట్టుందని మళ్లీ నోరు తెరవలేదు."

"ఇప్పుడు నన్ను తిట్టడానికి తెరిచారు."

"తిట్టనీయమ్మా, నీకేం పోయింది!"

ఆయనకి కావలసిందేమిటో అప్పుడు చెప్పారు, సగం మాటల్లో, సగం ఫోన్లో. గుడివాడ దగ్గర ఒక ఊళ్లో ఏటా నాటకాలు జరుగుతాయి. ఈ ఏడు ఆయనకి సన్మానం చేస్తామన్నారు. శాలువా కప్పించుకుని మూగవాడిలా కూర్చోవడం ఆయనకి ఇష్టం లేదు. ఒక్క పద్యం చెప్పాలి, ఈ హారన్లలోంచే. నేను కుదరదన్నాను, మాట ఇచ్చేశానన్నాను. ఆయన లేచి వెళ్లిపోయారు. రెండు నిమిషాల్లో అనసూయమ్మగారు ఒక్కరే ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు.

"ఈ మనిషికి పొగరెక్కువ అన్నారమ్మా మెట్లు దిగుతూ. నోటితో అన్నారు."

ఇంజనీరుగారికి ఫోన్ చేసి, మీకు ఇంకో జత చూస్తానని చెప్పాను. ఆయన విసుక్కున్నారు. విసుక్కోనీ.

పని మొదలుపెట్టాను. పిండిబారిన డయాఫ్రాలు తీసేసి, గుడ్డని రెసిన్‌లో ముంచి అచ్చుపోసిన ఫీనాలిక్ డయాఫ్రాలు వేశాను. వాటికి కీచుదనం తక్కువ. రేకు గంటలా మోగకుండా వెనకవైపు తారు షీటు అంటించాను. లావు శబ్దాలనీ సన్న శబ్దాలనీ విడదీసి తలో స్పీకరుకి పంపే సర్క్యూట్‌ని క్రాసోవర్ అంటారు, దాన్ని ఆయన మాటకి తగినట్టు కొత్తగా కట్టాను. చిక్కంతా అక్కడే వచ్చింది. అలాంటి గొంతులో మాట ఎంత ఉంటుందో, మెడ దగ్గరి గాలి చప్పుడూ అంతే ఉంటుంది. ఆ గాలిని కోసేస్తే సకారాలు, తకారాలు పోతాయి. ఉంచితే గురగుర వినిపిస్తుంది. రెండు రకాలుగానూ వినిపించి, ఏది కావాలో తేల్చుకోమన్నాను.

"అక్షరం పోయాక పద్యమెందుకే అమ్మాయ్," అన్నారు. "ఉంచు."

"గురక కూడా ఊరంతా వింటుంది మాస్టారూ."

"గురక కాదు, ఊపిరి. బతికున్నానని తెలుస్తుంది."

వారం వారం వచ్చేవారు. వచ్చినప్పుడల్లా మా ఇద్దరికీ వాదనే. హారన్ ఎత్తు మీద వాదన, మైకు ఎంత దగ్గర పెట్టుకోవాలన్నదాని మీద వాదన, నేను తాగే టీ రంగు మీద కూడా. నేనొకటంటే ఆయన వేలు మెడకి వెళ్లేది. ఆ వేలు మెడకి వెళ్లినప్పుడల్లా అనసూయమ్మగారు పక్కకి తిరిగి నవ్వుకునేవారు. ఆవిడకి స్టేజీ అక్కర్లేదు. "ఇంట్లో ఇలా మాట్లాడితే చాలమ్మా నాకు. ఆ ఊరు వెళ్లకపోతేనేం?" అని నాతో చాటుగా అన్నారు ఒకరోజు. నేను ఆయనతో ఆ మాటే అన్నాను. ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు.

"ఇంట్లో పద్యానికి ఎవరు లేచి నిలబడతారే?"

సన్మానం రోజు హారన్లు వ్యాన్‌లో వేసుకుని నేనే వెళ్లాను. ఎండ దిగుతున్న వేళ. బడి ఆవరణలో స్టేజీ, ముందు వరసల్లో పెద్దవాళ్లు, వెనక సైకిళ్లు, బళ్లు, అటు తర్వాత చేలు. హారన్లని స్టేజీకి రెండు పక్కలా బల్లల మీద ఎత్తి పెట్టాను. శాలువాలూ ఉపన్యాసాలూ అయ్యాక ఆయన లేచి మైకు దగ్గరికొచ్చారు. హార్మోనిస్టు ఆయన పాత జతగాడు, శ్రుతి ఇచ్చాడు. బొటనవేలు మెడకి వెళ్లింది.

పద్యం మొత్తం చెప్పారు. రాగం లేదు. ఆ గొంతులో రాగం పలకదని ఆయనకి తెలుసు కనక పాదాన్ని చిన్న చిన్న ముక్కలుగా విరిచి, ప్రతి ముక్కకీ ఊపిరి తీసుకుంటూ మాటగానే చెప్పారు. ఒక్క అక్షరం జారలేదు. చివరి వరస బళ్ల మీద కూర్చున్నవాళ్లు కూడా తలలూపారు. నా పనికి అంతకంటే మంచి రోజు నేను చూడలేదు. ఆ మాట కాదనను.

అందరూ లేచి చప్పట్లు కొట్టారు. వీడియో అక్కడితో ఆగిపోతుంది.

ఆ చప్పట్ల మధ్యలో ఎవరో అరిచారు, "వన్స్ మోర్!" అని. తర్వాత ఇంకొకరు, ఆపైన ఆవరణంతా. మన నాటకాల సంగతి తెలియనివాళ్లకి చెబుతున్నాను. వన్స్ మోర్ పడితే నటుడు పద్యం మళ్లీ పాడాలి. యుద్ధం మధ్యలో ఉన్నా, చచ్చిపడిపోయి ఉన్నా లేచి పాడాలి. పాడకపోతే ఊరిని అవమానించినట్టు. అందులోనూ రెండోసారి మొదటిసారి కంటే ఎక్కువ ఇవ్వాలి. ఆయన బతుకంతా ఆ మాట కోసమే బతికిన మనిషి. నేను సౌండు మిక్సర్ దగ్గర నుంచి వద్దని తల ఊపుతున్నాను. ఆయన నా వైపు చూడలేదు.

రెండోసారి మొదలుపెట్టారు. మూడు పాదాలు బాగానే నడిచాయి. నాలుగో పాదం చివర ఆయన కళ్లు మూసుకున్నారు, వేలు గట్టిగా నొక్కారు. అప్పటికే అర్థమైంది నాకు. రాగం తీయబోతున్నారు.

గాలి వాల్వులో అడ్డం పడింది. దగ్గు వచ్చింది. మెడ రంధ్రంలోంచి వచ్చే దగ్గు ఎలా ఉంటుందో విన్నవాళ్లకి చెప్పక్కర్లేదు, విననివాళ్లకి చెప్పడం నాకు ఇష్టం లేదు. ఏ అక్షరం కోసం ఆ ఊపిరిని ఉంచామో, ఆ ఊపిరే ఇప్పుడు రెండు హారన్లలోంచి చేల దాకా వెళ్లింది. నేను మైకు తగ్గించేలోపే ముందు వరసలో ఒక పసిబిడ్డ ఏడుపు అందుకుంది. హార్మోనిస్టు గట్టిగా మెట్లు నొక్కి ఆ దగ్గుని కప్పేయాలని చూశాడు. కోటేశ్వరరావుగారు అతని వైపు తిరిగి, చాలు అన్నట్టు చెయ్యెత్తారు. గుడ్డతో మెడ తుడుచుకున్నారు. జనానికి దణ్ణం పెట్టి దిగిపోయారు. జనం మళ్లీ చప్పట్లు కొట్టారు, ఇంకా గట్టిగా కొట్టారు. ఆ చప్పట్లు కొట్టకపోయినా బాగుండేది.

వాళ్లిద్దరినీ నా వ్యాన్‌లోనే తీసుకొచ్చాను. ఆయన ముందు సీట్లో కూర్చున్నారు. నేను వాదన పెట్టుకోవాలని చూశాను. మైకు మరీ దగ్గర పెట్టుకున్నారు మాస్టారూ, నేను చెప్పింది విన్నారా, అన్నాను. ఆయన జేబులోంచి ఫోన్ తీసి టైపు చేసి నాకు చూపించారు.

'హారన్లు చాలా బాగున్నాయి.'

వెనక సీట్లో ఉన్న అనసూయమ్మగారికి ఆ అక్షరాలు కనపడలేదు. కానీ ఫోన్ వెలుతురు కనపడింది.

ఆయన మళ్లీ మాట్లాడలేదు. చలికాలానికి జబ్బు తిరగబెట్టింది, సంక్రాంతి చూడలేదు. నేను పరామర్శకి వెళ్తే అనసూయమ్మగారే నాకు ధైర్యం చెప్పారు. ఆయన షాపుకి తిరిగిన రోజుల్లో ఇంట్లో ఏం మాట్లాడేవారు పిన్నిగారూ, అనడిగాను.

"ఏముందమ్మా. కాఫీలో పంచదార తక్కువైందనేవారు. ఫ్యాను చప్పుడు చేస్తోందనేవారు. నీ మీద చాడీలు చెప్పేవారు." తలెత్తి ఫ్యాను వైపు చూశారు. "నేను పంచదార తక్కువే వేసేదాన్ని. కావాలనే."

ఆయన తర్వాత నా పనిలో ఒక పద్ధతి మార్చుకున్నాను. ఎవరు హారన్లు తెచ్చినా, ఏం వినపడాలి అని అందరిలాగే నేనూ అడుగుతాను. ఏం వినపడకూడదు అని కూడా అడుగుతాను. చాలామంది నవ్వుతారు. కొంతమంది మాత్రం కాసేపు ఆలోచించి చెబుతారు. హారన్‌కి మంచీ చెడూ తెలియదు, లోపలికి పంపినదాన్ని పెద్దది చేసి ఎదటివాళ్ల మీద పోస్తుంది, అంతే. పోసేముందు అడగాల్సింది మనిషే.

ఆ ఊరు తర్వాత రెండు మూడుసార్లు వెళ్లాను. అడిగాను. చప్పట్లు కొట్టామని అందరూ ఒప్పుకుంటారు. వన్స్ మోర్ అని అరిచామని కూడా చాలామంది ఒప్పుకుంటారు, ఎవరో అంటే మేమూ అన్నామంటారు. మొదట అన్నది మాత్రం ఎవరూ కాదట. ఆ మనిషిని నేను తిట్టను. నాకు నోరెక్కువన్న మాట నిజమే, అయినా తిట్టను. ఒక్కటే అడుగుతాను. అయ్యా, లేదా అమ్మా, ఆయన్ని చూసి జాలేసి అన్నావా, లేక ఆ గొంతులోనే ఆ పద్యం నీకు నిజంగా మళ్లీ వినాలనిపించిందా?