నాలుగు వృత్తుల వైద్యురాలు

ఆ రోజుల్లో నాకు "వద్దు" అనే మాట నోటికి వచ్చేది కాదు. ఇప్పుడేదో గడగడా వచ్చేస్తోందని కాదు, కనీసం గొంతు దాకా వచ్చి ఆగుతోంది. అప్పుడు అదీ లేదు. మా అమ్మ పెంపకం అలాంటిది. పంక్తిలో కూర్చున్నాక ఎవరేం వడ్డించినా కాదనకూడదు, వడ్డించినవాళ్ళు చిన్నబుచ్చుకుంటారు అని ఊహ తెలిసినప్పటి నుంచీ నూరిపోసింది. దాంతో పెళ్ళిళ్ళకి వెళ్ళినప్పుడల్లా ఇద్దరి భోజనం ఒక్కదాన్నే చేసి, ఇంటికొచ్చి వాము నమిలేదాన్ని. విస్తరి వరకూ ఆ పద్ధతి బాగానే నడిచింది. ఇరవై మూడో ఏట రాజమండ్రిలో ఒక రక్తపరీక్షల ల్యాబులో రిపోర్టులు టైపు చేసే ఉద్యోగంలో చేరాక, అదే పద్ధతిని ఒక ఆటలోకి పట్టుకెళ్ళి, రెండేళ్ళుగా హాయిగా బతుకుతున్న ముగ్గురిని ఒక్క మధ్యాహ్నంలో చంపేశాను. (కంగారు పడకండి, కాగితం మీద మనుషులే.)

నా ఆదివారాలు ఎలా గడిచేవో చెప్తే గానీ నా కష్టం మీకు అర్థం కాదు. లేడీస్ హాస్టల్లో తెల్లారి బట్టలు ఉతుక్కోవడం, మధ్యాహ్నం మంచం మీద పడుకుని ఫ్యాను రెక్కలు లెక్కపెట్టడం (మూడే, ఎన్నిసార్లు లెక్కపెట్టినా), సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి ఇక్కడ నాకు బోలెడుమంది స్నేహితులున్నారని అబద్ధం చెప్పడం. మాది ఆత్రేయపురం పక్క ఊరు. ల్యాబులో అందరూ నా మొహం కంటే ముందు నా చేతిసంచి వంక చూసేవారు, పూతరేకులు తెచ్చానేమోనని. ఉంటే పలకరించేవారు. అంతకు మించి నాకక్కడ ఎవరూ లేరు. ఏడుపొచ్చేంత ఒంటరితనం, కానీ ఎవరికైనా చెబితే వాళ్ళు ఇబ్బంది పడతారేమోనని ఏడుపు కూడా దిండుకే చెప్పుకునేదాన్ని.

ఆ పరిస్థితిలో, అదే ఊళ్ళో ఉన్నా అంతవరకూ పెద్దగా రాకపోకల్లేని మా పెద్దమ్మ కోడలు, అంటే నాకు వదిన, ఒక ఆదివారం నన్ను చెయ్యి పట్టుకుని దానవాయిపేటలో ఒక ట్యూషన్ సెంటర్ మేడ మీదికి తీసుకెళ్ళింది. అక్కడ నాలుగు బెంచీలు కలిపి వేసి, లెక్కల మాస్టారు, మరో ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఆట ఏంటంటే, మాస్టారు కథ చెప్తారు, మిగతావాళ్ళు ఆ కథలో ఒక్కో మనిషిగా ఉంటారు. గోదారి పైన కొండల సందులో ఒక కోట, అందులో ఒక నిధి, మధ్యలో రాక్షసులు. నువ్వేం చేస్తావు అని మాస్టారు అడుగుతారు, మనం చెప్పి ఇరవై ముఖాల పాచిక వేయాలి. అంకె బాగా పడితే పని అయినట్టు, లేకపోతే లేదు. ప్రతి మనిషికీ ఒక వృత్తి ఉంటుంది. నర్సరీ పిల్లలకి పద్యాలు నేర్పే మా వదిన, చీమని చూస్తే పక్కకి తప్పుకునే మనిషి, ఇక్కడ గండ్రగొడ్డలి పట్టిన యోధురాలు. ఆఫీసులో ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క పెన్ను కూడా ఇంటికి పట్టుకెళ్ళని గుమాస్తా ఒకాయన (ప్రతి కాగితాన్నీ వెనక్కి తిప్పి ముద్ర ఉందో లేదో చూసేవారు కాబట్టి ఆయన్ని స్టాంపు గారు అనేవారు) ఇక్కడ పేరుమోసిన దొంగ. లూథరన్ చర్చిలో కీబోర్డు వాయించే అబ్బాయి మాంత్రికుడు. అతన్ని అందరూ బ్రదర్ అనేవారు. ఈ మంత్రాల సంగతి వాళ్ళమ్మగారి దగ్గర ఎత్తొద్దని నాకు పరిచయమైన మొదటి నిమిషంలోనే చెప్పాడు.

వాళ్ళకి లేనిది వైద్యుడు. ఉన్న ఒక్కాయన బదిలీ మీద వెళ్ళిపోయాడు, తర్వాత వచ్చినావిడ రెండు వారాలు జంతికలు తిని మళ్ళీ కనపడలేదు. అందుకని మాస్టారు జాగ్రత్త పడ్డారు. "మూడు ఆదివారాలు చూద్దామండి. కుదిరితే ఆ నాలుగో బెంచీ మీదే అనుకోండి. కుదరకపోతే ఏం అనుకోవద్దు" అన్నారు. నేను ఆ బెంచీ వంక చూశాను. ఒక కాలు పొట్టిదై ఊగుతూ ఉంది. నా జీవితంలో అంతకు ముందు గానీ తర్వాత గానీ ఒక వస్తువుని అంతగా కోరుకోలేదు.

మిగతా ముగ్గురూ ఆడి ఆడి నాలుగో లెవెల్లో, అంటే విద్యలో నాలుగో మెట్టు మీద, ఉన్నారు కాబట్టి నాకూ నాలుగు లెవెళ్ళు ఇచ్చారు. నాలుగూ వైద్యంలోనే పెట్టుకుంటే రోజుకి ఏడుసార్లు గాయాలు మాన్పొచ్చు, దెబ్బకి మనిషి లేచి కూర్చుంటాడు. కావాలంటే నాలుగింటినీ విడదీసి రెండు మూడు వృత్తులు కలుపుకోనూ వచ్చు, ఆట నిబంధనల పుస్తకం ఒప్పుకుంటుంది. ఆ పుస్తకం కాపీ ఒకటి, లెవెల్‌కొక గడి ఉన్న కాగితం ఒకటి ఇచ్చి, ఇంటికెళ్ళి ఆలోచించుకుని నింపి తెమ్మన్నారు. నేను హాస్టల్‌కి వెళ్ళేలోపే మొదటి గడిలో వైద్యం అని రాసేశాను. మిగతా మూడు గడులూ వారం పాటు ఖాళీగా ఉన్నాయి, ఆపదంతా ఆ వారంలోనే వచ్చింది.

మంగళవారం వదిన భోజనానికి పిలిచింది. గుత్తివంకాయ మీద గుత్తివంకాయ వేస్తూ, ఒక్క లెవెల్ యోధుల్లో పెట్టుకుంటే ఇనప కవచం తొడుక్కోవచ్చని, ఆడపిల్లవి, ఒంటి మీద కవచం ఉంటే తనకి ధైర్యంగా ఉంటుందని అంది. నోట్లో ముద్ద, విస్తట్లో ఆవిడ వంకాయ. ఎలా కాదంటాను? గురువారం బ్రదర్ ల్యాబు దగ్గరికే వచ్చాడు. మంత్రాలన్నీ ప్రింటు తీసి, అట్టలు వేసి, రంగు పెన్నులతో గీతలు గీసి తెచ్చాడు. "ఒక్క లెవెల్ చాలు సిస్టర్, మంత్రం తెలిసినవాళ్ళు ఇంకొకరుంటే నాకు తోడు" అన్నాడు. తోడు అన్న మాట వింటే నేనెలా ఉండేదాన్నో మీకు చెప్పానుగా. శనివారం స్టాంపు గారు షుగరు పరీక్షకి వచ్చి, రిపోర్టు తీసుకుని, వెనక్కి తిప్పి ముద్ర చూసుకుని, వెళ్ళకుండా నిలబడ్డారు. తనకి అరవై దగ్గరపడుతున్నాయని, ఈ దొంగవిద్య తనతోనే పోతుందేమోనని బెంగగా ఉందని చెప్పి, "ఏదో పెద్దవాణ్ణి, అడిగానమ్మా" అన్నారు. నాలుగో గడి ఆయనకి ఇచ్చేశాను.

రెండో ఆదివారం మాస్టారు నా కాగితం చూశారు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చూశారు. వైద్యం ఒకటి, యుద్ధం ఒకటి, మంత్రం ఒకటి, దొంగతనం ఒకటి. "తప్పు కాదండి, నిబంధన ప్రకారం చెల్లుతుంది" అని కాగితం తిరిగిచ్చేశారు. మిగతా ముగ్గురూ మాత్రం ఎవరి వృత్తి వాళ్ళు చూసుకుని మురిసిపోయారు. అదృష్టమో, నా మర్యాదో, ఆ వారం గండం గడిచింది. కోట గుమ్మం దగ్గర దొంగలా చప్పుడు కాకుండా నడవబోతే వదిన ఇచ్చిన కవచం గిన్నెల బీరువా కూలినట్టు మోగింది. నలుగురు కాపలావాళ్ళు పరిగెత్తుకొచ్చారు. నిద్రపుచ్చే మంత్రం వేద్దామంటే కవచం ఒంటి మీదుండగా మంత్రం పనిచేయదట. కవచం విప్పడానికి ఐదు నిమిషాలు పడుతుందని పుస్తకంలో ఉంది. ఏం చేయాలో తోచక, "అండీ, ఒక్క ఐదు నిమిషాలు ఆగుతారా?" అని కాపలావాళ్ళని అడిగాను. మాస్టారు అందుకూ పాచిక వేశారు. ఇరవై పడింది. ఆగారు. (ఇన్నేళ్ళలో అడిగించుకున్న రాక్షసులు గానీ మనుషులు గానీ మళ్ళీ ఎవరూ ఆగలేదు.) మొత్తానికి కవచం విప్పి, మడతపెట్టి, మంత్రం వేసి లోపలికి వెళ్ళాం. హాస్టల్‌కి నడుస్తూ బెంచీ నాదే అనుకున్నాను.

మూడో ఆదివారం కొండరాక్షసుడు వచ్చాడు. నిధి ఉన్న గదికి వాడే కాపలా. వాడి చేతిలో తాటిమాను. మొదటి దెబ్బకి బ్రదర్, రెండో దెబ్బకి స్టాంపు గారు, నాలుగో దెబ్బకి వదిన, ముగ్గురూ స్పృహ తప్పి పడిపోయారు. చావలేదు, కానీ వైద్యం అందకపోతే చస్తారు. స్తంభం చాటున నేనొక్కదాన్నే మిగిలాను. మాస్టారు నా వైపు తిరిగి, వైద్యంలో నాకున్నది ఒక్క లెవెలే కాబట్టి ఆ రోజుకి ఒక్కసారే మందు వేయగలనని, ఆ ఒక్క మోతాదూ ఒక్క మనిషిని పూర్తిగా లేపుతుందని గుర్తుచేశారు. ఎవరికి వేస్తారు అని అడిగారు.

ఎవరికి వేయాలో నాకు తెలుసు. వదినకి వేయాలి. ఆవిడ లేస్తే గొడ్డలి లేస్తుంది, రాక్షసుడు పడతాడు, ఆటలో ఓనమాలు తెలిసిన ఎవరైనా అదే చేస్తారు. కానీ ఎదురుగా మూడు మొహాలు. నన్ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిన వదిన. రంగు గీతల కాగితాలిచ్చిన బ్రదర్. అందరికంటే పెద్దవారు, షుగరు కూడా ఉన్న స్టాంపు గారు. ముగ్గురూ నా చేతి వంకే చూస్తున్నారు. ఒకరికి వేస్తే ఇద్దరు చిన్నబుచ్చుకుంటారు.

"ముగ్గురికీ సమానంగా పంచుతానండి" అన్నాను.

మాస్టారు సుద్దముక్క కింద పెట్టారు. "పంచుతారా?" అన్నారు. పంచుతానన్నాను. ఆయన పుస్తకం తెరిచి, వైద్యం గురించిన పేజీలన్నీ రెండుసార్లు చదివారు. పంచకూడదని ఎక్కడా లేదు, ఎందుకంటే ఆ పుస్తకం రాసినవాళ్ళకి ఇలాంటి మనిషి తగులుతుందని తెలియదు. మూడో వంతు మందుతో ముగ్గురికీ కళ్ళు తెరిచి లేచి కూర్చునేంత ఓపిక వచ్చింది, నిలబడేంత రాలేదు. లేచి కూర్చున్నారు. అప్పటికి రాక్షసుడు ముగ్గురూ చచ్చారనుకుని తాటిమాను భుజాన వేసుకుని గుమ్మం దాటుతున్నాడట. వెనకాల ఒకేసారి మూడు మూలుగులు వినపడి వెనక్కి తిరిగాడు. మిగతాది వివరంగా చెప్పలేను. చివర్లో నేనూ ఏదో చేయబోయాను, మళ్ళీ కవచం అడ్డొచ్చింది. సాయంత్రం నాలుగున్నరకి కథలో ఎవరూ మిగల్లేదు.

రెండేళ్ళు ఆడిన కాగితం స్టాంపు గారిది. మడతల దగ్గర చిరిగిపోతే టేపు వేసి, ఇంకా చిరిగితే ఆ టేపు మీద టేపు వేసి దాచుకున్నారు. దాన్ని నెమ్మదిగా నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఆయన తిట్టినా బాగుండేది. నేను లేచి, మీ అందరి కథా పాడుచేశానండి, వచ్చే వారం నుంచి రానండి, అని చెప్తూ చెప్తూ ఏడ్చేశాను. ఇన్నాళ్ళూ దిండుకి చెప్పుకున్న ఏడుపంతా అక్కడే, ఆ ట్యూషన్ మేడ మీద, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను.

ముందుగా నవ్వింది వదినే. ఆపుకుందామని చూసింది గానీ కుదరక, బల్ల మీద తల పెట్టుకుని నవ్వింది. వాడు వెళ్ళిపోతుంటే పిలిచి మరీ కొట్టించావే అని నవ్వు మధ్యలో అంది. బ్రదర్ తలొంచుకుని, తప్పు మాదే సిస్టర్, మేం ముగ్గురం మీ కాగితాన్ని పంచుకున్నాం, మీరు మందు పంచారు, అన్నాడు. స్టాంపు గారు మాత్రం చివరి క్షణంలో తన వాటా తనకి అందినందుకు సంతోషంగానే ఉందని ఒప్పుకున్నారు.

మాస్టారు ఇదేదీ వినడం లేదు. నా పుస్తకం తీసుకుని పేజీలు తిప్పుతున్నారు. నాలుగు వృత్తుల నిబంధనలూ తెలియాలి కదా అని నేను మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా చదివి, అర్థం కానిచోటల్లా పెన్సిలుతో ప్రశ్నలు రాసుకున్నాను. మిగతా ముగ్గురూ రెండేళ్ళలో ఎవరి వృత్తి పేజీలు దాటి చదవలేదని ఆ రోజే తెలిసింది.

"మొత్తం చదివారాండి?" అన్నారు మాస్టారు. చదివానన్నాను. ఆయన ఎప్పుడూ లేనిది కాస్త సిగ్గుపడుతూ అడిగారు. "రెండేళ్ళ నుంచి నేను కథ చెప్పడమే గానీ ఒక్కసారి కూడా ఆడలేదండి. నాకూ ఆడాలని ఉంది. ఇకనుంచి మీరు చెప్తారా?"

వద్దనడం నాకెలాగూ రాదు. ఈసారి ఆ లోటుకి నేనేమీ బాధపడలేదు. తర్వాతి ఆదివారం ఆయన తన చేతుల కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, తాను వెళ్ళి ఊగే బెంచీ మీద కూర్చున్నారు. ఏ వృత్తి తీసుకుంటారని అడిగితే కాగితం నా ముందుకి జరిపారు. ముత్యాల్లాంటి దస్తూరీలో నాలుగు గడుల్లోనూ వైద్యం అనే ఉంది. అదేంటండీ, రెండేళ్ళు ఆగి ఆడుతూ మందులేయడమేంటి, కత్తి పట్టుకోవచ్చుగా అన్నాను. వీళ్ళకి వైద్యుడు లేడు కదండీ అన్నారాయన, లెక్క తేలినంత మామూలుగా.

ఇదంతా జరిగి పన్నెండేళ్ళు కావొస్తోంది. ల్యాబు మారాను, హాస్టల్ పోయి ఇల్లొచ్చింది. ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఇప్పటికీ అదే మేడ, అదే మనుషులు. నా కథలో ఎవరూ చావరని, భయం లేని కథ కథేంటని వదిన దెప్పుతుంది. అదంతా పాచికల దయ అంటాను. పోయిన నెల మాస్టారి వైద్యుడి మీద పాము బుస కొట్టింది. అరచెయ్యి అడ్డుపెట్టుకుని పాము తరఫున పాచిక వేశాను. వేటు తగిలితే పోయేంత నీరసంలో ఉన్నాడు, పడింది పంతొమ్మిది. నాలుగు పడిందని, పాము గురి తప్పిందని చెప్పాను. చెయ్యి తీస్తూ చూస్తే, మాస్టారు కూర్చున్న చోటికి ఆ పాచిక చక్కగా కనపడుతోంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అయితే నా వంతాండి?" అన్నారు. అవునండి, మీ వంతే అన్నాను.