పెద్దమ్మ తెలుగు

తెల్లారిన దగ్గర్నుంచి ముసురు. ఆ రోజు కంపెనీలో నాకు షిఫ్టు లేదు. బొంతపల్లిలో పత్తికి ఎరువు వేస్తుంటే ఫోన్ వచ్చింది. కిష్టారెడ్డిపేటలో మా పెద్దమ్మ పోయింది. ఎరువు బస్తా మీద కవరు కప్పి బయలుదేరాను.

ఆమె తన పైగదులను ఆఫ్రికా నుంచి వచ్చి ఇంజనీరింగ్ చదివే పిల్లలకు కిరాయికి ఇచ్చింది. వంట కూడా తనే. వాళ్లలో ఇద్దరిని పొడుగోడు, పొట్టోడు అని పిలిచేది. నేనూ అలాగే రాస్తున్నాను. పొడుగోడికి ఇంగ్లీష్ ధారగా వచ్చు. గదుల్లో పెత్తనం అతనిదే. పొట్టోడిది ఫ్రెంచ్ మాట్లాడే దేశం. ఇంగ్లీష్‌లో తడబడేవాడు కాబట్టి అందరి గిన్నెలూ అతనే కడిగేవాడు. ఒకరోజు క్లాసులో తమ పరువు తీశాడని పొడుగోడు అతని ముక్కు పగలగొట్టాడు. పెద్దమ్మ గంటె తీసుకుని పొడుగోడి మోచేతి మీద రెండు వేసింది.

“నా కాడ ఇంగిలీషు నడవది. తెలుగుల అడిగినోనికే బువ్వ” అంది.

పొడుగోడు హోటల్లో తిన్నాడు. పొట్టోడు ఆమె పక్కన ఉల్లిగడ్డలు కోస్తూ నేర్చుకున్నాడు. కొన్ని నెలలకు కూరగాయలకైనా, సిలిండర్‌కైనా మిగతావాళ్లు అతని వెంటే తిరిగారు. అయితే అతనికి వచ్చింది ముసలమ్మ తెలుగు.

పోయిన ఎండాకాలం మా కంపెనీ గేటు ముందు, షిఫ్టు వదిలే వేళ, వాళ్ల బండి ఒక పాపకు తగిలింది. మోకాలు చీరుకుంది. నడిపినవాడు హెల్మెట్‌తోనే దిగి గట్టిగా ఇంగ్లీష్‌లో ఏదో చెప్పాడు. పాపను ఆస్పత్రికి తీసుకెళ్దామన్నాడని తర్వాత తెలిసింది.

“గుద్ది మల్ల తిడ్తుండు సూడు” అన్నారెవరో. హెల్మెట్ లాగి దాంతోనే మూతి మీద కొట్టారు. రెండు పళ్లు రోడ్డు మీద పడ్డాయి. అతను మాట్లాడినకొద్దీ దెబ్బలు పెరిగాయి. నేను వెనక నుంచి డొక్కలో తన్నాను. ఎవరని చూడలేదు.

“ఆగుండ్రి కొడుకా, సచ్చిపోతడు. మీ కాళ్లు మొక్కుత బిడ్డా.”

అచ్చం పెద్దమ్మ మాట. బండి వెనక కూర్చుని వచ్చిన పొట్టోడు అతని మీద అడ్డంగా పడి అంటున్నాడు. మీసాల మనుషుల్ని బిడ్డా అంటుంటే ఒకడు నవ్వాడు. చేతులు ఆగాయి. అప్పుడు కింద పడినవాడి ముఖం చూశాను. పొడుగోడు.

సాయంత్రం పెద్దమ్మ అడిగింది. “నువ్వు గూడ కొట్టినవా?”

“తన్నిన పెద్దమ్మా.”

“పోయి తప్పయిందని చెప్పు ఆ పిల్లగానికి.”

“నాకు ఇంగ్లీష్ రాదు గద.”

“తన్నెటప్పుడు ఏ భాషల తన్నినవ్?”

నేను వెళ్లి తప్పయిందని చెప్పలేదు. ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా, చాయ్ చేతికిచ్చి “చెప్పినవా?” అనేది. అరిచేది కాదు. విడిచిపెట్టేదీ కాదు. అంత ఓపికగా నన్ను అడిగినవాళ్లు ఇంకొకరు లేరు.

పాడెకు ముందు ఒక పక్క నేను, ఇంకో పక్క పొడుగోడు. ఎత్తు సరిపోక పాడె నా వైపు వంగింది. కాష్టం దగ్గర దించాక పొడుగోడితో అన్నాను.

“తప్పయింది తమ్మీ. నిన్ను తన్నినోళ్లల్ల నేనొకన్ని.”

పొట్టోడు ఇంగ్లీష్‌లో చెప్పబోయాడు. పొడుగోడు చెయ్యి అడ్డం పెట్టాడు.

“అర్థమైంది” అన్నాడు, తెలుగులోనే. నా ముఖం చూడలేదు.

ఆ మధ్యాహ్నం మూడు గంటలకే అతను గది ఖాళీ చేసి, సామాను తీసుకుని పటాన్‌చెరు బస్సు ఎక్కాడు. పొట్టోడు పెద్దమ్మ పదకొండో రోజు కర్మ దాకా ఉండి, మర్నాడు పొద్దున వెళ్లాడు.