ఖాళీ కారులో ఎనభై కిలోలు

మైలేజీ గురించి మూడు ఉత్తరాలు, దెయ్యం గురించి ఒకటి, మొత్తం నాలుగు రాశాను. నాలుగూ రిజిస్టర్డ్ పోస్టులోనే పంపాను. ముట్టినట్టు సంతకం పెట్టిన కార్డులు నాలుగూ తిరిగొచ్చాయి గానీ, కారు కంపెనీ నుంచి ఒక్క ముక్క జవాబు రాలేదు. ఇన్నేళ్ళు ఓపిక పట్టాను. ఇక మీకే చెప్తాను. ముందే హెచ్చరిస్తున్నాను, ఇందులో ఒక కారు, ఒక దెయ్యం, నేను ఉన్నాం. పరువు పోయింది మాత్రం నా ఒక్కడిదే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర లారీలు తూచే కాంటా మీద నేను గుమాస్తాను. పోతిరెడ్డిపల్లిలో ఇల్లు కట్టుకుందామని ఉంచిన ప్లాటును, మా ఆవిడ యాదమ్మ వద్దంటున్నా అమ్మేసి కారు కొన్నాను. మామూలు కారు కాదు, లగ్జరీ కార్లలో మొదటి మెట్టు. హైదరాబాదులో ఒక డాక్టరు వాడి వదిలింది. మొదటి మెట్టే కదా అనుకున్నాను. ఆ మెట్టు మీదే కాలు జారింది.

లీటరుకు పన్నెండు కిలోమీటర్లు ఇస్తుందని దాని పుస్తకంలో ఉంది. నాకు ఆరు ఇచ్చింది. దున్నపోతు కుడితి తాగినట్టు తాగేది పెట్రోలు. మెకానిక్కు చూపించాను, ఏ లోపమూ లేదన్నాడు. ప్లగ్గులు మార్చాను, ఫిల్టరు మార్చాను. ఒక్కో సామానుకు మా కాంటా మీద నా పక్షం రోజుల జీతం తూగేది. మైలేజీ మాత్రం ఆరు దగ్గరే కూర్చుంది.

తూచడం నా వృత్తి. రోగం ఎక్కడుందో తూచి తేల్చుదామని బుద్ధి పుట్టింది. ట్యాంకు నిండా పెట్రోలుతో ఖాళీ కారు బరువు పన్నెండు వందల ఎనభై కిలోలని పుస్తకంలో ఉంది. ఒక సాయంత్రం షిఫ్టు మారే వేళ బంకులో ట్యాంకు నింపించి, నేరుగా మా కాంటా మీదికి ఎక్కించాను. రెండో షిఫ్టు గుమాస్తా మోయిన్ క్యాబిన్‌లో కూర్చుని అంకెలు చూశాడు. నేను కిటికీ అద్దం దించి ఎంతని అడిగాను.

"పదమూడు వందల అరవై," అన్నాడు.

ఎనభై కిలోలు ఎక్కువ. డిక్కీలో ఏమీ లేదు. స్టెప్నీ కూడా పుస్తకం లెక్కలోదే. చలికాలం. ఫ్యాక్టరీల రసాయనాలు కలిసే వాగు మీంచి నురగ ముక్కలు ఎగిరొచ్చి గేటు ముందు దొర్లుతున్నాయి. చిమ్నీల పొగ కిందికి దిగి లైట్ల చుట్టూ పసుపు పచ్చగా కమ్ముకుంది. మోయిన్ ఆ అంకెను, ఖాళీగా ఉన్న వెనక సీటును మార్చి మార్చి చూశాడు.

"అన్నా, ఎనభై కిలోలంటే సామాను బరువు కాదు. మనిషి బరువు."

ఆ మాటను కూడా ఎక్కించుకుని బయల్దేరాను. ఇంటికి పోతూ అద్దంలో చూస్తే వెనక సీటు మీద తెల్లగా ఒక తల. ఆఫీసర్ల కార్లలో ఉంటుందని నేనే సీటుకు తెల్ల టవలు కప్పానన్న సంగతి ఇల్లు చేరాక గానీ గుర్తు రాలేదు. గుర్తొచ్చినా లాభం లేకపోయింది. టవలు లేని చోట ఎవరున్నారో టవలు చెప్పదు కదా.

రెండో వారం తూచాను. ఎనభై. మూడో వారం సంక్రాంతి. యాటకూర, గారెలు తిని, మరునాడు తూస్తే ఎనభై అయిదు. అది కూడా పండుగ చేసుకుంటోందని మోయిన్ గొణిగాడు. ఆ తర్వాత నీళ్ళు పడక నాకు వారం రోజులు విరేచనాలు. లేచి తూస్తే డెబ్బై అయిదు. నాకు రోగమొస్తే దానికీ వస్తోందంటే, అది కారును కాదు, నన్నే పట్టిందని నాకు రూఢి అయింది. తెలివైన పాఠకులు ఈపాటికి ముసిముసిగా నవ్వుతుంటారు. నవ్వండి. ఆ పొగలో, ఆ సీటుకు వీపు పెట్టి కూర్చున్నది మీరు కాదు.

పదడుగులకోసారి వెనక్కి చూసేవాణ్ణి. సీటు మీద సొట్ట కనిపించేది. ఏసీ వేస్తే డాక్టరు గారి గది వాసన వచ్చేది. దిగి తలుపు వేశాక లోపల ఎవరో సర్దుకుని కూర్చున్నట్టు కిర్రుమనేది. నాలుగో ఉత్తరం అప్పుడే రాశాను. అయ్యా, మీ కారులో కనిపించని ప్రయాణికుడొకడు ఉన్నాడు, అతని బరువు మోయడానికి నా పెట్రోలు ఖర్చవుతోంది, తగిన చర్య తీసుకోగలరు అని.

యాదమ్మకు చెప్తే ఆమె బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు. దెయ్యం వల్లే మైలేజీ రావడం లేదని, అది దిగిందంటే కారు పన్నెండు ఇస్తుందని వాదించాను. అప్పుడు చాట పక్కన పెట్టింది.

"ఏమయ్యా, ఇల్లు పాయె, ప్లాటు పాయె. ఇగ నేనొక్క మాట చెప్తున్న. దెయ్యమన్న దిగాలె, కారన్న పోవాలె. దిగితే ఉంచుకో, నేనేమన."

కారు పోతే ఊళ్ళో నా ముఖం ఎక్కడ పెట్టుకోను? ప్లాటు అమ్మినప్పుడు నవ్విన ప్రతివాడి పేరు నాకు గుర్తుంది, ఇప్పటికీ ఉంది. అందుకే లక్డారం నుంచి మల్లయ్య తాతను పిలిపించాను. మనుషులకు పట్టిన గాలి దించడంలో ఆయన పేరు మోసినవాడు. దిగిందో లేదో నోటిమాట మీద నమ్మేవాణ్ణి కాదు గనక, కాంటా మీదే దించాలన్నాను. యాదమ్మ కూడా వచ్చింది. సాక్షిగా, అంది.

ఆ సాయంత్రం బంకు నుంచి వచ్చి కాంటా ఎక్కించాను. పదమూడు వందల అరవై, అన్నాడు మోయిన్. పోయిన బలం తిరిగొచ్చింది, నాకూ దెయ్యానికీ. తాత వేపమండలు పట్టుకుని కారు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. పొగలో ఆయన గొంతు ఎక్కడినుంచో వస్తున్నట్టుంది. చివరికి నా కిటికీ దగ్గర ఆగాడు.

"నువ్వు దిగు బిడ్డా. అది నీ మీదికి దుంకుతది."

దూకినట్టే దిగి, కాంటా పలక అవతలికి పరుగెత్తాను. తాత కూడా పలక దిగి, మండలతో గాలిని కొట్టి, పో అన్నాడు. క్యాబిన్‌లోంచి మోయిన్ అరిచాడు.

"పన్నెండు వందల ఎనభై. పోయింది అన్నా."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. యాదమ్మ వైపు గర్వంగా చూసి, రాజులా నడిచి వెళ్ళి కారెక్కి తలుపు వేసుకున్నాను.

"మళ్ళొచ్చింది," అన్నాడు మోయిన్. "పదమూడు వందల అరవై."

దిగాను. పోయింది. ఎక్కాను. వచ్చింది. నాలుగుసార్లు దిగాను, నాలుగుసార్లు ఎక్కాను. మల్లయ్య తాత మండలు కింద పడేసి బీడీ ముట్టించుకున్నాడు.

"అన్నా," అన్నాడు మోయిన్ మెల్లగా, "నువ్వు దిగితే అది దిగుతున్నది."

అయ్యా, మా వృత్తి సంగతి చెప్పాలి. లారీ లోడుతో తూగినప్పుడూ డ్రైవరు లోపలే ఉంటాడు, ఖాళీగా తూగినప్పుడూ లోపలే ఉంటాడు. రెండు అంకెలు తీసివేస్తే అతను కొట్టుకుపోతాడు. పదేళ్ళుగా స్టీరింగు ముందున్న మనిషికి బరువుండదని మా ఇద్దరికీ అలవాటైపోయింది. కొండను తవ్వి ఎలుకను పట్టడం మీరు విన్నారు. నేను కొండను తవ్వి నన్ను నేనే పట్టుకున్నాను.

యాదమ్మ వచ్చి కారు తలుపు తెరిచింది. నవ్వలేదు. అందుకే భయమేసింది.

"దెయ్యం దిగితే పెట్రోలు మిగుల్తదన్నవ్ గదా. చౌరస్తల నలుగురు సూడాలని ఏసీ ఏసుకొని, ఇంజను బంద్ జెయ్యక గంట గంట నిలవెడ్తున్నదెవరు? మాట మాటే. కారు ఉంచుకో. దెయ్యమే దిగాలె."

దిగాను. మరునాటి నుంచి ఫ్యాక్టరీ బస్సులో పోయి వచ్చాను. కారు మా వాకిట్లో కవరు కప్పుకుని నిలబడింది. ఆ నెలలో చుక్క పెట్రోలు తాగలేదు.

కాంటా సాక్షిగా, వేపమండ సాక్షిగా ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఈ జన్మలో నేను కూర్చున్నదాన్ని దేన్నీ తూచను, తూచినా ముందు నన్ను తీసేసుకుంటాను. కంపెనీ వారికి అయిదో ఉత్తరం కూడా ఇవాళే రాస్తున్నాను, దెయ్యం ఫిర్యాదు వాపసు తీసుకుంటున్నానని. కానీ ఆ నెల గడిచాక ఏసీ కట్టేసి, ఎక్కడా నిలబెట్టకుండా సంగారెడ్డి దాకా ఒకసారి పోయి వచ్చాను. తొమ్మిది వచ్చింది. పుస్తకంలో పన్నెండు అని ఉంది. ఆ మూడు కిలోమీటర్లు ఏమయ్యాయి? వాటిలో నేను లేను, తూచి చూసుకున్నాను. మీలో ఎవరో ఒకరు జవాబు రాయండి.